పొలం బేరం పెట్టే ముందు ధ్రువపత్రాల తేదీలు చూసుకోండి

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లో ఓ చిన్న పట్టణంలో ఎరువుల దుకాణం నడుపుతున్నాను. ఏడాదికి 4.2 లక్షల ఆదాయం, ఐటీ రిటర్ను వేస్తాను. మేం బీసీలం. అమ్మాయి ఇంటర్ ఇక్కడే చదివింది. జేఈఈ మెయిన్ ర్యాంకును బట్టి నిట్‌లో (కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాలలో) సీటు రావచ్చని లెక్చరర్లు అంటున్నారు. ఈలోగా ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వాళ్లు ఏడాదికి 3.5 లక్షల ఫీజు చెప్పి, ఈ వారంలోనే 50 వేలు కట్టమంటున్నారు. అరెకరం పొలం అమ్మాలా, చిట్టీ పాడాలా, బ్యాంకు అప్పు తీసుకోవాలా?

జవాబు: ఈ వారానికి మూడూ వద్దు. ముందు అసలు ఎంత కావాలో లెక్క చూద్దాం.

నిట్‌లో బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 1.25 లక్షలు. కుటుంబ ఆదాయం లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే అందులో మూడింట రెండు వంతులు మాఫీ. అంటే మీరు కట్టేది ఏడాదికి సుమారు 41,700, నాలుగేళ్లకు 1.67 లక్షలు. హాస్టలు, మెస్సు వేరు. అవి కలిపినా ప్రైవేటు వాళ్లు అడిగే 14 లక్షల దరిదాపులకు పోదు. పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం) పద్ధతిలో నడిచే ట్రిపుల్ ఐటీల్లో మాత్రం ఫీజు ఎక్కువ, ఈ మాఫీ ఉంటుందన్న భరోసా లేదు. కౌన్సెలింగ్‌లో కళాశాలల ఆప్షన్లు పెట్టేటప్పుడు ఆ తేడా గుర్తుంచుకోండి.

పెద్ద ఊళ్ల పిల్లలకు కోచింగ్ సెంటర్లు చెప్పి చేయించే పని ఒకటుంది, మన దగ్గర అడిగే దాకా ఎవరూ చెప్పరు. నిట్ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌కు మీ దగ్గరున్న రాష్ట్ర బీసీ పత్రం చాలదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాదన్న) ధ్రువపత్రం కావాలి, అదీ ఈ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత జారీ అయినదే. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో ఉండవు. ఆదాయ ధ్రువపత్రానికీ ఇప్పుడే మీ వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. ఒక్క మాట: రిటర్నులో 4.2 లక్షలు చూపి, లక్షలోపైతే పూర్తి మాఫీ అని తెలిసినవాళ్లచేత పత్రంలో 90 వేలు రాయించుకోవద్దు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మాఫీ పోతుంది, పరువూ పోతుంది.

ర్యాంకు విషయంలో కూడా అమ్మాయికి మీరనుకున్న దానికన్నా ఎక్కువ వెసులుబాటు ఉంది. నిట్‌లలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారివి. ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసైతే అదే సొంత రాష్ట్రం, కాబట్టి తాడేపల్లిగూడెం నిట్‌లో మీ అమ్మాయికి ఆ కోటా వర్తిస్తుంది. అమ్మాయిలకు విడిగా అదనపు సీట్లూ ఉన్నాయి. నిరుటి చివరి ర్యాంకులు చూసేటప్పుడు హోమ్ స్టేట్, ఓబీసీ, ఫిమేల్ ఓన్లీ అని ఉన్న వరసే చూడండి. పైన ఉండే ఓపెన్ కేటగిరీ వరస చూసి దిగులుపడి ఆప్షన్లు తగ్గించుకోవద్దు. ఇష్టమైనవి పైన పెట్టి, వీలైనన్ని నింపండి. సీటు వచ్చాక ‘ఫ్లోట్’ ఎంచుకుంటే అది చేతిలో ఉండగానే మెరుగైన దానికోసం తర్వాతి రౌండ్లు చూడొచ్చు.

ఇక ఆ 50 వేలు. ‘ఈ వారంలోనే’ అనడం బేరగాళ్ల పద్ధతి. కట్టక తప్పదనుకుంటే వాపసు గడువు రాతపూర్వకంగా అడగండి. గడువులోగా వదులుకుంటే వెయ్యికి మించని ప్రాసెసింగ్ ఫీజు మాత్రమే పట్టుకోవాలన్నది సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ నిబంధన. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, అప్పగించకండి. వాటిని తమ దగ్గర అట్టే పెట్టుకునే హక్కు కళాశాలకు లేదు.

నిట్ సీటు ఖాయమయ్యాక మిగిలే ఖర్చుకు విద్యారుణం తీసుకోండి. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద పేరున్న సంస్థల్లో సీటు వచ్చినవారికి తనఖా, హామీదారు లేకుండా రుణమిస్తారు. మీ ఆదాయం 4.5 లక్షల లోపే కనుక చదువు కాలానికీ, ఆపై ఏడాదికీ వడ్డీ మొత్తం కేంద్రమే భరించే రాయితీకి అర్హత ఉంది. దాని విలువ చిన్నదేమీ కాదు. ఏడాదికి లక్ష చొప్పున నాలుగు లక్షలు 9 శాతానికి తీసుకుంటే, ఆ అయిదేళ్లలో సాధారణ వడ్డీయే 1.26 లక్షలవుతుంది. బ్యాంకు దానంతటదే ఇచ్చేస్తుందనుకోకండి. రుణం మంజూరైన రోజే వడ్డీ రాయితీ దరఖాస్తు సంగతి అడిగి, ఆదాయ ధ్రువపత్రం జతచేసి రసీదు తీసుకోండి.

చిట్టీ పాడి తెచ్చే డబ్బు ఈ రుణం కన్నా ఖరీదు. పైగా ఎరువుల సీజనులో చిట్టీ వాయిదాలు మీ వ్యాపారానికి అడ్డం వస్తాయి. అయితే బ్యాంకు డబ్బు చేతికందేలోపు మెస్ అడ్వాన్సు, ప్రయాణం, ల్యాప్‌టాప్ లాంటివి ముందే వస్తాయి. దుకాణం సొమ్ములోంచి ఓ అరవై వేలు విడిగా ఉంచండి. పొలాన్ని, అమ్మాయి మూడో ఏడాదికి వచ్చేదాకా కదిలించనక్కర్లేదు, బహుశా అప్పుడూ అవసరం పడదు. సీటు కేటాయింపు లేఖ రాగానే దాన్నీ, ఫీజు వివరాల కాగితాన్నీ పట్టుకుని మీ ఖాతా ఉన్న బ్యాంకు శాఖకు అమ్మాయితో కలిసి వెళ్లండి. రుణం తన పేరు మీద ఉంటుంది, మీరు సహ రుణగ్రహీత.