ట్యాంకు దించేదాకా సెల్ఫ్ కొట్టకండి

ప్రశ్న: మా నాన్నగారి 1998 మోడల్ మారుతి 800 మా పెరట్లో రేకుల షెడ్డు కింద ఉంది. 2019లో ఆయన పోయాక దాన్ని ఎవరూ బయటికి తీయలేదు. ట్యాంకులో సగందాకా పెట్రోలు అలాగే ఉండిపోయింది. కొత్త బ్యాటరీ తెచ్చి స్టార్ట్ చేద్దామని మా తమ్ముడు తొందరపడుతున్నాడు. తెలిసిన మెకానిక్‌ను అడిగితే, పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే కార్బరేటర్ కడిగితే చాలన్నాడు. కారు అమ్మే ఉద్దేశం లేదు, నడుపుకోవాలనే ఉంది. ఏది ముందు చేయించాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడిని ఆపండి. బ్యాటరీ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఇప్పుడు సెల్ఫ్ కొడితే ఇన్నేళ్లుగా ట్యాంకు అడుగున పేరుకున్న తుప్పు, నీళ్లు, జిగురు అన్నీ పైపుల్లోకి, పంపులోకి ఎక్కుతాయి. ఖర్మకాలి ఇంజిన్ అందుకుందంటే ఇంకా చేటు. పాడైన పెట్రోలు జిగురు వాల్వుల కాడలకు పట్టేస్తుంది. చల్లారాక అవి ఇరుక్కుపోతే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్డు, విప్పాల్సి వస్తుంది.

పెట్రోలు నిలవ ఉండే సరుకు కాదు. అందులో తేలికగా ఆవిరయ్యే భాగం ముందు పోతుంది. స్టార్టింగ్‌కి పనికొచ్చేది అదే. మిగిలింది గాలి తగిలి మెల్లగా చిక్కబడుతుంది. మూత తీసి వాసన చూడండి. కొత్త పెట్రోలు ముక్కుకు గుప్పున కొడుతుంది, పాడైనది పాత పెయింటు డబ్బా తెరిచినట్టు పుల్లగా ఉంటుంది. దీనికి తోడు పెట్రోలులో కలిపే ఇథనాల్ అనే ఆల్కహాల్ ఒకటి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇక పట్టుకోలేనంత తేమ చేరాక నీళ్లతో కలిసి విడిపోయి అడుక్కి దిగుతుంది. మీది కృష్ణా డెల్టా, గాలిలో తేమ ఎప్పుడూ ఉండేదే. ట్యాంకు సగం ఖాళీ అన్నారు కదా, ఆ ఖాళీ సగంలోనే రేకుకు చెమట పట్టి తుప్పు మొదలవుతుంది.

ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. పెట్రోలు తోడే చిన్న చేతిపంపుతో ట్యాంకు అడుగు నుంచి ఒక లీటరు పెట్రోలు తెల్లని గాజు సీసాలోకి తీయించండి. పైపు నోట్లో పెట్టుకుని లాగొద్దు, ఎవరినీ లాగనివ్వొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. సీసాను పది నిమిషాలు కదపకుండా ఉంచి వెలుతురుకు పెట్టి చూడండి. డికాక్షన్ రంగులో ఉందంటే పెట్రోలు పోయినట్టే. మధ్యలో గీత గీసినట్టు రెండు పొరలుగా కనిపిస్తే కింద ఉన్నది నీళ్లు. అడుగున ఎర్రటి పొడి చేరితే ట్యాంకు లోపల తుప్పు ఉంది.

ఈ సీసా సంగతి నాకు నేర్పింది పామర్రు నుంచి వచ్చిన ఒక మాస్టారు. అప్పటికి ఆటోనగర్‌లో నేను సొంతంగా షెడ్డు పెట్టి రెండేళ్లయింది. రెండేళ్లు కదలని అంబాసిడర్ తెచ్చారు. కార్బరేటర్ విప్పి కడిగి ఇచ్చాను, బండి బ్రహ్మాండంగా వెళ్లింది. నాలుగో రోజు ఉయ్యూరు దగ్గర ఆగిపోయింది. మళ్లీ కడిగాను, మళ్లీ ఆగింది. మూడోసారి ఆయన బస్సులో వచ్చారు. చేతిసంచిలోంచి హార్లిక్స్ సీసా తీసి నా బల్ల మీద పెట్టారు. పైన పెట్రోలు, అడుగున వేలు మందాన ఎర్రమట్టి. ‘‘బాబూ, ఇది ట్యాంకులోది. నువ్వు కడుగుతున్నది కార్బరేటర్’’ అన్నారు. అప్పటినుంచి చాలాకాలం ఆగిన ఏ బండి వచ్చినా ముందు ట్యాంకు, తర్వాత పైపులు, ఆ తర్వాత పంపు, చివరికే కార్బరేటర్. మీ మెకానిక్‌కూ ఇదే వరస చెప్పండి. ఆయన కాదంటే ఇంకొకరిని చూసుకోండి.

ట్యాంకు దించే పని ఆరుబయట జరగాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకుతూ దూరం పోతుంది. వంటింటి స్టవ్వు, దేవుడి దీపం, తీగకు వేలాడే బల్బు, ఏదైనా దాన్ని అంటించగలదు. బ్యాటరీ వైరు ముందే తీసేయాలి. ఇంకో మాట, ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదం, ఎందుకంటే దాని నిండా ఆవిరే. చిల్లు కనిపించిందని వెల్డింగ్‌కు మాత్రం పంపకండి. రేకు తినేసి ఉంటే వేరే ట్యాంకు వేయించడమే మంచిది.

తుప్పు పైపైన ఉంటే కడిగి వాడుకోవచ్చు. కొందరు లోపల కంకర పోసి గిలకొడతారు, నాకు అది ఇష్టం లేదు. కారు ట్యాంకులో అడ్డరేకులుంటాయి, ఒక్క రాయి వాటి వెనక చిక్కుకున్నా జన్మంతా గలగలమంటూనే ఉంటుంది. మూర పొడవు సన్న గొలుసు వేసి, కొంచెం కిరోసిన్ పోసి, ఇద్దరు పట్టుకుని అటూ ఇటూ ఊపాలి. గొలుసు కాబట్టి మొత్తం తిరిగి బయటికి వస్తుంది. తర్వాత తుప్పు తీసే ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రావణం డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే గాలి కొట్టి ఆరబెట్టాలి. ‘‘రేపు చూద్దాంలే’’ అని తడిగా వదిలేస్తే తెల్లారేసరికి లోపలంతా మళ్లీ ఎర్రబడుతుంది. ఆరాక అర లీటరు పెట్రోలులో కాస్త ఇంజిన్ ఆయిల్ కలిపి లోపల తిప్పి పారబోస్తే రేకుకు పూత పడుతుంది. పారబోయడమంటే కాలవలోనో చెట్టు మొదట్లోనో కాదు. పాత పెట్రోలైనా ఇదైనా మూతున్న డబ్బాలో పట్టి, షెడ్డులో పాత ఆయిల్ తీసుకెళ్లేవాళ్లకు ఇచ్చేయండి.

రబ్బరు పైపులన్నీ మార్చేయండి. పైకి బాగానే కనిపిస్తాయి, వంచి చూస్తే పగుళ్లు తెలుస్తాయి. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మీ కారు తయారైన రోజుల్లో ఆ ఆలోచనే లేదు, ఆనాటి రబ్బరు దీనికి తట్టుకోదు. ఇథనాల్‌కు తట్టుకునే పైపే కావాలని అడిగి కొనండి, క్లిప్పులూ కొత్తవే వేయించండి. ఇంజిన్ వేడి మీద పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇనుప పైపులకు గాలి కొట్టిస్తే చాలు. ఫిల్టరు కొత్తది.

మీ మోడల్‌లో పెట్రోలు పంపు ఇంజిన్ హెడ్డుకే ఉంటుంది, వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ కడ్డీయే దాన్ని నడుపుతుంది. మా షెడ్డుల్లో దీన్ని ఏసీ పంపు అంటాం, చల్లగాలి ఏసీకి దీనికి సంబంధం లేదు. లోపలి డయాఫ్రమ్, అంటే రబ్బరు పొర, ఎండి చిరిగితే పెట్రోలు ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది. ఇన్నేళ్ల తర్వాత ఎలాగూ ఆయిల్ మార్చాల్సిందే.

ఇక కార్బరేటర్. లోపల పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె విప్పితే అడుగున పనసజిగురులాంటి పొర, పక్కల తెల్లటి పొడి కనిపిస్తాయి. పైనుంచి స్ప్రే కొట్టి మూసేస్తే అది పోదు. పూర్తిగా విప్పి, క్లీనర్‌లో నానబెట్టి, ప్రతి రంధ్రానికీ గాలి కొట్టాలి. రబ్బరు భాగాలూ ప్లాస్టిక్ ఫ్లోట్ ఉంటే అదీ ముందే పక్కన పెట్టాలి. అసలు పని స్లో జెట్ దగ్గర ఉంది, ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు వచ్చే చిన్న గొట్టం అది. దాని రంధ్రం సూది మొనంత. జెట్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఆకాశం వైపు చూస్తే గుండ్రంగా చుక్కంత వెలుగు కనిపించాలి. చంద్రవంకలా కనిపించిందంటే ఇంకా జిగురు మిగిలే ఉంది. ఇనుప తీగ దూర్చనివ్వొద్దు. జెట్ ఇత్తడిది, రంధ్రం కాస్త పెద్దదైనా మైలేజీ పడిపోతుంది, తర్వాత దాన్ని ఎవరూ సరిచేయలేరు. చేపలు పట్టే గేలం నైలాన్ దారం వాడితే గీత పడదు. గాస్కెట్లు, నీడిల్ కలిసిన కిట్ ఒకటి వేయించండి.

స్టార్ట్ చేసే ముందు మూడు ప్లగ్గులూ విప్పి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి ఉంచండి. మర్నాడు నాలుగో గేర్‌లో వేసి కారును చేత్తో మెల్లగా తోయండి. ఇంజిన్ సాఫీగా తిరిగిందంటే మీ తమ్ముడు అప్పుడు బ్యాటరీ తేవచ్చు. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకండి. మొదట ఐదు లీటర్ల కొత్త పెట్రోలు చాలు. వంద కిలోమీటర్లు తిరిగాక ఫిల్టరు మళ్లీ మార్చండి. మొదటి ఫిల్టరును కోసి చూస్తే ట్యాంకు ఎంత శుభ్రమైందో కళ్లారా కనిపిస్తుంది.

ఇంజిన్ పలికిందని నేరుగా రోడ్డెక్కకండి, బ్రేకులు చూపించాలి. ఆర్‌సీ గడువూ చూసుకోండి. సొంత కారుకు 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది.

ప్రశ్న: మాది 2008 మోడల్ ఎంపీఎఫ్‌ఐ కారు. అమ్మాయి పురుడుకని అమెరికా వెళ్లి ఏడాదిన్నర ఉండిపోయాం. ఇప్పుడు స్టార్ట్ కావడం లేదు. పెట్రోలులో కలిపే క్లీనర్ సీసా పోస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: సరిపోదండీ. ఆ సీసా నడుస్తున్న బండికి కొంత పనిచేస్తుంది, ట్యాంకు అడుగున చేరిన నీళ్లను అది బయటికి తీయలేదు. ఎంపీఎఫ్‌ఐ అంటే కార్బరేటర్ బదులు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే బండి. మీ కారులో పంపు ట్యాంకు లోపలే పెట్రోలులో మునిగి ఉంటుంది. తాళం ఆన్ చేసి వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. రెండు మూడు సెకన్లు జుమ్మని వినిపించాలి. వినిపించకపోతే ముందు ఫ్యూజు, రిలే చూపించండి. అవి బాగుంటే పంపు పట్టేసిందనుకోవాలి. వినిపించినా పాత పెట్రోలు మొత్తం తీయించి, పంపు కింది జాలీ కడిగించి, ఫిల్టరు మార్పించండి. అప్పటికీ అందుకోకపోతే ఇంజెక్టర్లు విప్పి అల్ట్రాసోనిక్ మిషన్‌లో కడిగించాలి. ప్రతి ఇంజెక్టర్ సమానంగా చిమ్ముతోందో లేదో అక్కడి గాజు గొట్టాల్లో కొలిచి చూపిస్తారు. ఆ కొలత మీరు దగ్గరుండి చూడండి.