టేకు దూలం లెక్కకు ఎందుకు లొంగదు?

ప్రశ్న: ఇంటికి టేకు దూలం వేస్తున్నాం. కంప్యూటర్ నమూనాలో ఉక్కుకి లాగే అన్ని దిక్కులకూ ఒకే స్థితిస్థాపక గుణకం (పదార్థం ఎంత బిగువో చెప్పే అంకె) ఇస్తే 6 మి.మీ. వంపు వచ్చింది. నమ్మొచ్చా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: మీరిచ్చినది నార పొడవునా ఉండే గుణకమైతే, బరువు పెట్టిన రోజు వంపు వరకూ నమ్మండి. ఆ తర్వాతది వేరే లెక్క. కర్ర ఏళ్ల తరబడి బరువు మోస్తే మెల్లగా ఇంకా వంగుతూనే ఉంటుంది. యూరోకోడ్ 5 (కర్ర కట్టడాలకి ఐరోపా నియమావళి) ప్రకారం కప్పు కింద, తేమ గాలి తగిలే చోట శాశ్వత బరువు వల్ల వచ్చే వంపుకి 0.8 రెట్లు అదనం. అంటే బరువంతా శాశ్వతమైతే 6 కాస్తా 10.8 మి.మీ.

అసలు చిక్కు తేమది. పచ్చి టేకు పూర్తిగా ఎండితే మాను కోతలో కనిపించే పెరుగుదల వలయాల వెంబడి దాదాపు 5.8 శాతం, మాను నడిమి నుంచి బెరడు వైపు 2.5 శాతం కుదించుకుంటుంది. వలయాల వెంబడి కోసిన 100 మి.మీ. వెడల్పు పలకలో తేమ 12 నుంచి 18 శాతానికి పెరిగితే 1.2 మి.మీ. ఉబ్బుతుంది. వానాకాలంలో తలుపులు బిగుసుకునేది ఇందుకే.

దూలం కోతలో మాను నడిమి భాగం ఉంటే ఇంకా జాగ్రత్త. నమూనాలో కర్ర దిక్కుల్ని (వలయాల వెంబడి, బెరడు వైపు) ఆ నడిమి చుట్టూ గుండ్రంగా తిప్పి ఇవ్వండి. దూలమంతటా ఒకే దిక్కున ఉండే తిన్నని అక్షాలిస్తే, తేమ అంతటా సమానంగా తగ్గినప్పుడు ఒత్తిడి సున్నా అని వస్తుంది; నిజంలో మాత్రం బయటి నుంచి నడిమి దాకా పగులు విచ్చుకుంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

తేమను ఊహించకండి. చిన్న ముక్క తూచి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టి మళ్లీ తూచండి. తగ్గిన బరువును ఎండు బరువుతో భాగించి నూరుతో గుణించండి.