సగం మాత్రతో జబ్బు తిరగబెట్టదా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మా బాబుకి ఆరేళ్లు, ఏఎల్ఎల్ రకం బ్లడ్ క్యాన్సర్. పెద్ద కీమోలన్నీ అయిపోయి, జబ్బు తిరగబెట్టకుండా మందులు వేసే మెయింటెనెన్స్‌లోకి వచ్చాం అని ఊపిరి పీల్చుకునేలోపే, రోజూ వేసే సిక్స్ ఎంపీ (మెర్కాప్టోప్యూరిన్) మాత్ర మొదలుపెట్టిన మూడు వారాలకే రక్తకణాల కౌంట్స్ పడిపోయి జ్వరంతో అడ్మిట్ చేయాల్సొచ్చింది. ఇప్పుడు డోసు సగం చేశారు. అమెరికాలో ఉన్న మా మరిది టీపీఎంటీ టెస్ట్ చేయించమంటే చేయించాం, నార్మల్ వచ్చింది. మరి సగం మందుతో జబ్బు మళ్లీ వస్తే ఎవరిది బాధ్యత అని మా అత్తగారు రోజూ అడుగుతున్నారు.
- ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీ మరిది చెప్పింది తప్పేం కాదు, కాకపోతే అది అక్కడి తెల్లవాళ్లకి ఎక్కువ పనికొచ్చే టెస్ట్.

మీ బాబు వేసుకునే సిక్స్ ఎంపీ 1953 నుంచీ ఉంది. ఒంట్లోకి వెళ్లాక క్యాన్సర్ కణాల్ని చంపే రూపంలోకి మారుతుంది, మరీ ఎక్కువ పోగుపడితే మంచి రక్తకణాలు కూడా పోతాయి, అలా పోగుపడకుండా చూసే ఎంజైముల్లో టీపీఎంటీ ఒకటి. యూరప్ మూలాలున్న వాళ్లలో సుమారు పది మందిలో ఒకరికి ఇది బలహీనంగా ఉంటుంది, పరిశోధనలు ఎక్కువగా వాళ్ల మీదే జరిగాయి కాబట్టి ఏళ్ల తరబడి అందరం దాన్నే చూశాం. మన దగ్గర అది నార్మల్ ఉన్న పిల్లలకి కూడా కౌంట్స్ ఎందుకు పడుతున్నాయో అర్థమయ్యేది కాదు.

2014లో కొరియాలో విషయం బయటపడింది, అదీ క్యాన్సర్‌లో కాదు, పేగుజబ్బుకి అజాథయోప్రిన్ వాడే వాళ్లలో (అది కూడా ఒంట్లో సిక్స్ ఎంపీగానే మారుతుంది). అసలు తేడా ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో ఉంది, మందు పోగుపడకుండా చూసే ఇంకో ఎంజైము దీన్నుంచే తయారవుతుంది. 2015లో ల్యుకేమియా (బ్లడ్ క్యాన్సర్) పిల్లల్లో చూస్తే, ఈ జన్యువు రెండు కాపీలూ (అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి) తేడాగా ఉన్నవాళ్లు మామూలు డోసులో సగటున 8 శాతమే తట్టుకున్నారు, ఒక్క కాపీ తేడా ఉంటే సగటున 63 శాతం. ఈ తేడా తూర్పు ఆసియా వాళ్లలో, లాటిన్ అమెరికా మూలవాసుల సంతతిలో, మన ఇండియాలోనూ బాగానే కనిపిస్తుంది, యూరప్ వాళ్లలో చాలా అరుదు. 2018లో డోసు గైడ్‌లైన్స్‌లో కూడా చేర్చారు.

కాబట్టి ఎన్‌యూడీటీ15 టెస్ట్ గురించి మీ డాక్టర్‌ని అడగండి, రక్తంతోనే చేస్తారు, జీవితంలో ఒక్కసారి చాలు. ఇంకో సంగతి, మీరు చేయించిన టీపీఎంటీ జన్యువు టెస్టా, ఎంజైము టెస్టా చూడండి, ఎంజైముదైతే ఈమధ్య రక్తం ఎక్కించి ఉంటే దాత రక్తం కలిసి తప్పుగా నార్మల్ రావచ్చు.

ఇక అత్తగారి ప్రశ్న. తేడా ఉందని తేలితే మీవాడికి సగం మాత్ర అంటే వేరే పిల్లాడికి నిండు మాత్ర లెక్క, కణాల్లోకి చేరే మందు తక్కువ కాదు. తేలకపోయినా కౌంట్స్ చూసి డోసు పెంచడం తగ్గించడం ఈ ట్రీట్‌మెంట్‌లో రోజూ ఉండే పనే. నాకు భయం వేరే దగ్గర, ఫుల్ డోసు కావాలని పట్టుబడితే కౌంట్స్ పడి వారాల తరబడి మందే ఆపాల్సొస్తుంది, ఆ ఖాళీలు మంచివి కావు. మీ అంతట మీరు పెంచడం, మానేయడం మాత్రం చేయొద్దు.

ఈ జన్యువులో తేడా అమ్మానాన్నల నుంచి వచ్చేదే కానీ జబ్బు దానివల్ల రాలేదు, ఆ నింద మీ మీద వేసుకోకండి. రిపోర్ట్ వస్తే జాగ్రత్తగా దాచండి, రేపు ఇంట్లో ఇంకెవరికైనా అజాథయోప్రిన్ రాస్తే ఆ డాక్టర్‌కి ముందే చూపించాలి.