నీ డాక్టరుకు బ్యాక్టీరియా తెలియకూడదు

తమ్ముడూ,

నీ కథ చదివాను. 1854 లండన్, కలరా, వీధి పంపు దగ్గర బకెట్లతో జనం. బాగానే నడుస్తోంది అనుకుంటుండగా రెండో పేజీలో నీ డాక్టరు 'ఈ నీళ్లలో బ్యాక్టీరియా ఉంది' అనేశాడు. కాగితాలు పక్కన పెట్టేశాను. అదే ఏడు ఫ్లోరెన్సులో పచీని అనే ఆయన ఆ క్రిమిని మైక్రోస్కోపులో చూసిన మాట నిజమే గానీ, పట్టించుకున్నవాళ్లు లేరు. ఇంకో 30 ఏళ్లకు జర్మన్ డాక్టరు కోచ్ చెబితే గానీ లోకం వినలేదు.

మరి నీ డాక్టరు ఏమనాలి? 'జైమోటిక్' అనాలి. పులియడానికి గ్రీకులో ఉన్న మాటలోంచి పుట్టింది అది. లండన్‌లో జనన మరణాల లెక్కలు చూసే విలియం ఫార్ 1840ల్లో ఆ మాట తెచ్చి మశూచి, తట్టు, కోరింత దగ్గు, టైఫస్, కలరా అన్నింటినీ ఒక్క గాటన కట్టేశాడు. ఒంట్లో ఏదో విషం పడుతుంది, నెత్తురు పులిసినట్టు మారిపోతుంది అని. అచ్చంగా పులియడమే అనలేదు, అలాంటిదే అన్నాడు. ఆ పులియడం కూడా ఆయన దృష్టిలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ చెప్పినట్టు వట్టి రసాయన మార్పు. అది ప్రాణమున్నవి చేసే పని అని పాశ్చర్ వాదించడం 1857 తర్వాతి సంగతి.

ఇది చదివితే తలకెక్కదు. రాత్రి ఇడ్లీ పిండి గిన్నెలో ముప్పాతికకు పోసి మూత పెట్టు. తెల్లారేసరికి మూతను నెట్టుకుని గట్టు మీదికి కారి ఉంటుంది. గరిటె దించితే బుస్సుమని కుంగుతుంది. పాలలో చెంచాడు తోడు వేస్తే కుండెడు పెరుగు, అందులో చెంచాడు తీస్తే ఇంకో కుండెడు. ఒక ఇంట్లో జ్వరం వీధంతా పాకడం చూసినవాడికి ఈ పోలిక తోచకుండా ఉంటుందా? మనవాళ్లూ తట్టును 'పొంగు' అంటారుగా! నన్నడిగితే, నీ డాక్టరు ఒప్పు కంటే ఫార్ తప్పే కథకు పనికొస్తుంది.

అలాగని, కలరా నీళ్లలోంచి వస్తుందని చెప్పి ఆ వీధి పంపు పిడి తీయించిన డాక్టరు జాన్ స్నోను హీరోను చేసి, ఫార్‌ను విలన్ చెయ్యకు. స్నో ఇంటింటికీ తిరిగింది ఫార్ ఆఫీసు ఇచ్చిన చావుల జాబితా పట్టుకునే. అప్పుడు కలరా చెడుగాలి వల్లే వస్తుందని నమ్మిన ఫార్, 1866 కలరాలో తనే నీళ్లను తప్పుపట్టాడు. ఆ 12 ఏళ్లలో ఇంకో కథ ఉంది, తర్వాత చూద్దాం.

ముందు రెండో పేజీ తిరగరాయి. డాక్టరు రోగి గదిలోకి రాగానే చేతులు కడుక్కుంటున్నాడు, అది కొట్టెయ్. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, గబగబా వెళ్లి కిటికీ తెరవనీ.