ఎమ్మెల్యే గారి ఉత్తరం రాసేముందు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

చి. కిరణ్‌కి పెదనాన్న ఆశీస్సులు.

బడ్జెట్ సమావేశాలు అయిపోయాయి కదా, బడుల నిధులు, పన్నులు, ఇసుక, నీళ్ల సంగతులతో నియోజకవర్గంలో ఇంటింటికీ ఉత్తరం పంపాలని, అది రాసే పని ఎమ్మెల్యే గారు నీకు అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. సర్వీసంతా ఖజానా ఆఫీసులోనే చేశాను కాబట్టి నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా, 'మంజూరైంది' అని రాసేటప్పుడు జాగ్రత్త. బడ్జెట్లో కేటాయించడం వేరు, పరిపాలనా అనుమతి ఇస్తూ జీవో రావడం వేరు, డబ్బు విడుదల కావడం వేరు. ఆఖరికి కాంట్రాక్టరు బిల్లు సీఎఫ్ఎంఎస్‌లో, అంటే ప్రభుత్వ చెల్లింపులు జరిగే ఆన్‌లైన్ వ్యవస్థలో, పాసై అతని ఖాతాలో పడితేనే పని నడుస్తుంది. జీవో వచ్చిన రోజునే ఫ్లెక్సీలు కట్టేస్తారు. నాకు తెలిసిన ఒక బడిలో మరుగుదొడ్లకి గోడలు లేపారు, టైల్స్ సగం వేశారు, బిల్లు రాక తలుపులు పెట్టకుండానే వెళ్లిపోయారు. ఆడపిల్లలు ఇంటికెళ్లేదాకా మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చునేవారు. ఆ తల్లుల చేతికి 'నిధులు మంజూరు' అన్న కాగితం వెళ్తే వాళ్ల కడుపు మండదా? అందుకే ప్రతి బడి పేరు పక్కన డబ్బు ఎంతవరకు వచ్చిందో రాయి. ఆగిపోతే ఆగిందనే రాయి. ఎందుకు ఆగిందో, సభలో ఎమ్మెల్యే గారు ఏం ప్రశ్న అడిగారో, మంత్రి గారు ఏం జవాబిచ్చారో కూడా ఉండాలి. అడగకపోతే అడిగినట్టు రాయకు.

బడికెళ్లే పిల్లల తల్లుల ఖాతాలో రాష్ట్రం డబ్బు వేసే తల్లికి వందనం పథకం గురించి తప్పకుండా అడుగుతారు. 15,000 అన్నారు, ఖాతాలో 13,000 పడ్డాయి, మిగతావి ఏమయ్యాయని. ఆ 2,000 బడుల, మరుగుదొడ్ల నిర్వహణకి పట్టుకున్నారని చెప్పి ఊరుకోకు, మన బడులకి అందులోంచి ఎంత వచ్చిందో కనుక్కుని రాయి. బడుల కోసం కేంద్ర, రాష్ట్రాలు కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకంలో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40. కేంద్రం ఇవ్వలేదని రాసేముందు మన 40 జమ చేశామో లేదో చూసుకో.

పన్నుల దగ్గర ఎవరి పన్ను ఎవరు వేస్తున్నారో విడదీసి చెప్పు. జీఎస్టీ కేంద్ర, రాష్ట్రాలు రెండూ కలిసి వేస్తాయి. పెట్రోలు మీద వ్యాట్ రాష్ట్రానిది. ఇంటి పన్ను జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) వసూలు చేస్తుంది కాబట్టి మాకు సంబంధం లేదని చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేసే పద్ధతికి 2020లో చట్టం మార్చింది అసెంబ్లీయే. పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదన్న సంగతీ, ఏప్రిల్లోనే ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గుతుందన్న సంగతీ రాస్తే చదివినవాళ్లకి పనికొస్తుంది.

ఇసుక 2024 జూలై నుంచి ఉచితం. కానీ ఇల్లు కట్టుకునేవాడికి తవ్వకం, లోడింగ్ ఖర్చు, లారీ కిరాయి తప్పవు. శ్రీకాకుళం వైపు నుంచి విశాఖకి వచ్చేసరికి ఆ కిరాయే తడిసి మోపెడవుతుంది. 'ఉచితం' పక్కనే ఆ ఖర్చు కూడా రాయి. నీళ్ల విషయంలో ఏలేరు, రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ జలాశయాల్లో ఏ వార్డుకి ఎక్కడి నుంచి వస్తాయో, ఎండాకాలంలో కుళాయి ఎన్ని గంటలు వస్తుందో చెప్తే చాలు.

నాయకులకి ధన్యవాదాలు ఒక్క లైనులో ముగించు. ఎమ్మెల్యే గారి ఫోటో ఒకటి చాలు, ఆ జాగా బడుల జాబితాకి వాడు.

అచ్చుకి ఇవ్వకముందు డ్రాఫ్టు తీసుకుని ఆదివారం ఇంటికి రా. బిల్లుల నంబర్లు కూడా పట్టుకురా, ఒక్కో బడీ కూర్చుని సరిచూద్దాం.

మీ పెదనాన్న