ఇంట్లో వీడియో గేమ్ డబ్బా చేసుకోవాలంటే ఎలాంటి కంప్యూటర్ కొనాలి?

ముస్తఫా, మెటల్ స్లగ్, కింగ్ ఆఫ్ ఫైటర్స్, టెక్కెన్ 3. పార్లర్లలో ఉండేలాంటి స్టిక్కు, బటన్ల డబ్బాలో ఈ పాత ఆటలు ఆడటానికి గ్రాఫిక్స్ కార్డుతో కొత్త పీసీ కట్టించాలా, రాస్‌ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు సరిపోతుందా అని అడిగారు. నా మాట వింటే రెండూ వద్దండీ. ఏదైనా ఆఫీసులో తీసేసిన సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ తీసుకోండి. మిగిలిన డబ్బు స్టిక్కు, బటన్ల మీద పెట్టండి.

మనం ముస్తఫా అని పిలుచుకున్న కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ 1993 నాటి ఆట. మెటల్ స్లగ్ 1996లో వచ్చింది, అది నడిచే నియో జియో అనే గేమ్ మెషీన్ బోర్డులో ఉన్నది 12 మెగాహెర్ట్జ్ చిప్పు, ఇప్పటి కంప్యూటర్లకి అదొక లెక్కే కాదు. మీ లిస్టులో బరువైనది టెక్కెన్ 3 ఒక్కటే. ఇలాంటి పాత ఆటలను నడిపే మేమ్ సాఫ్ట్‌వేర్ భారమంతా ప్రాసెసర్ మీదే వేస్తుంది. అందులోనూ కోర్లు (ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలు) ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఒక్కో కోర్ వేగమే లెక్క. గ్రాఫిక్స్ కార్డు ఖర్చు దండగ.

నేను మొదట రాస్‌ప్‌బెరీ పై 4తోనే మొదలుపెట్టాను. ఫోన్ చార్జర్ తగిలిస్తే స్క్రీన్ మూలన మెరుపు గుర్తు వచ్చేది, అంటే కరెంటు చాలట్లేదన్నమాట. 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ పెట్టాక అది పోయింది. మెటల్ స్లగ్ హాయిగా ఆడింది కానీ టెక్కెన్ 3 మాత్రం ఫైట్ మధ్యలో నిదానించేది. తర్వాత సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ 8,500 రూపాయలకి దొరికింది. ఇప్పటికీ అదే నడుస్తోంది. హార్డ్ డిస్క్ పీకేసి, లోపల తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ వేయించాను. పిల్లలు బటన్లు బాదుతుంటే డబ్బా అంతా అదురుతుంది, తిరిగే డిస్క్ దానికి తట్టుకోదు.

బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకోగలిగే సెట్టింగుల స్క్రీన్) ఒక సెట్టింగ్ తప్పక మార్చండి. కరెంటు పోయి వస్తే మెషీన్ దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టుకోవచ్చు. అప్పుడు గోడ మీద స్విచ్ వేస్తే చాలు, డబ్బా వెనక తలుపు తీయక్కర్లేదు.

ఇక బటన్లు. పాత కీబోర్డు విప్పి దాని బోర్డుకి బటన్ల వైర్లు అతికించమని చాలామంది చెప్తారు. నేనూ అదే చేశాను. మా తమ్ముడు, నేను ఒకేసారి నాలుగైదు బటన్లు నొక్కితే కొన్ని అసలు పడేవి కావు. సరిగ్గా బాస్ దగ్గర జంప్ పడకపోతే ఆ కోపం మామూలుగా ఉండదు. బటన్ల వైర్లని కంప్యూటర్‌కి కలిపే యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డు కొనేయండి, ఆటగాడికొకటి. అయితే ఒకే రకం బోర్డులు రెండు పెడితే, రీస్టార్ట్ చేసినప్పుడు ఒక్కోసారి ఒకటో ప్లేయర్, రెండో ప్లేయర్ తారుమారవుతారు. కంప్యూటర్‌కి కీబోర్డులా కనిపించే ఎన్‌కోడర్ అయితే ఆ తలనొప్పి ఉండదు, కాకపోతే ఖరీదు ఎక్కువ. ఇంకో మాట, ముస్తఫా ముగ్గురు కలిసి ఆడే ఆట. మూడో స్టిక్కు పెట్టాలనుకుంటే చెక్క కోయించకముందే తేల్చుకోండి. తర్వాత ప్యానెల్ మీద చోటు దొరకదు.

స్క్రీన్‌కి పెద్ద టీవీ అక్కర్లేదు. ఈ ఆటల బొమ్మ వెడల్పు, ఎత్తు 4:3 నిష్పత్తిలో ఉంటాయి కాబట్టి ఆఫీసుల్లో వాడి పక్కన పడేసిన 19 అంగుళాల చదరపు మానిటర్ దాదాపు నిండుగా కనిపిస్తుంది. టీవీయే పెడతానంటే అందులో గేమ్ మోడ్ (బొమ్మ ఆలస్యాన్ని తగ్గించే సెట్టింగ్) ఉందో లేదో చూడండి. లేకపోతే గ్రెనేడ్ నొక్కిన కాసేపటికి పడుతుంది.

ఏదీ కొనకముందు ఇంట్లో ఉన్న లాప్‌టాప్‌లోనే మేమ్ వేసి, టెక్కెన్ 3 ఫైట్ నడుస్తుండగా ఎఫ్11 నొక్కండి. వేగం శాతంలో చూపిస్తుంది. 100 దగ్గర నిలకడగా ఉంటే ఆ స్థాయి ప్రాసెసర్ చాలు. తగ్గుతుంటే ప్రాసెసర్ పేరు, వచ్చిన అంకె ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.