స్టాప్ బటన్ గురించి అమ్మడికి

అమ్మడూ,

ఆటోనగర్‌లో పీఎల్‌సీ (మెషీన్లను ప్రోగ్రామ్ ప్రకారం నడిపే చిన్న కంప్యూటర్) ప్యానెళ్లు తయారుచేసేచోట నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. సంతోషంతో రాత్రి నిద్రపట్టలేదు. తర్వాత భయంతో పట్టలేదు.

1968లో అమెరికాలో డిక్ మోర్లీ అనే ఇంజనీరు వాళ్లు పీఎల్‌సీని తలపెట్టింది రిలే ప్యానెళ్ల (కరెంటుతో పనిచేసే స్విచ్‌లని తీగలతో కలిపి కట్టినవి) బాధ తప్పించడానికే. ఆ బాధ నేను పడ్డాను. చిన్న మార్పుకి కూడా తెల్లవార్లూ తీగలు విప్పి కట్టేవాళ్లం. ఇప్పుడు ఇన్‌పుట్లు చదవడం, ల్యాడర్ (నిచ్చెన మెట్లలా గీసే ప్రోగ్రామ్) నడపడం, ఔట్‌పుట్లు మార్చడం, అన్నీ కొన్ని మిల్లీసెకన్లలో అయిపోయి మళ్లీ మొదలు. ఇదంతా నీకు తెలిసిందే. ఎర్తింగ్ చూసుకో, ప్రోగ్రామ్ బ్యాకప్ తీసుకో.

స్టాప్ బటన్ దగ్గర మాత్రం ఆగు.

గుంటూరులో ఒక మిరపకాయల గోడౌన్ కన్వేయర్‌కి నేను మొదటి పీఎల్‌సీ పెట్టాను. స్టాప్‌కి ఎన్‌ఓ కాంటాక్ట్ (నొక్కితేనే కరెంటు పారేది) వాడాను. నొక్కితే 24 వోల్టులు ఇన్‌పుట్‌కి చేరాలి, మోటార్ ఆగాలి. పదిసార్లు నొక్కి చూశాను, పదిసార్లూ ఆగింది. ఆర్నెల్లకి ఎలక ఆ కేబుల్ కొరికేసింది. ఎవరికీ తెలియలేదు. తీగ తెగినా పీఎల్‌సీకి బటన్ నొక్కనట్టే కదా!

ఒకరోజు తొడిమలు తీసే ఆవిడ కొంగు రోలర్‌లో పడింది. పక్కామె బటన్ నొక్కుతూనే ఉంది. ఎవరో మెయిన్ దాకా పరిగెత్తి ఆపేసరికి ఆవిడ మణికట్టు విరిగిపోయింది. ఆస్పత్రికి వెళ్తే నన్ను చూసి, "బటన్ నొక్కారు కదన్నా, ఎందుకు ఆగలేదు?" అంది. ఎలక మీద నెట్టడానికి నోరు రాలేదు. తప్పు నాది.

స్టాప్‌కి ఎప్పుడూ ఎన్‌సీ కాంటాక్టే (నొక్కితే కరెంటు తెగేది) వాడు. మామూలప్పుడు ఆ ఇన్‌పుట్ లైటు వెలుగుతూ ఉండాలి. బటన్ నొక్కినా, తీగ తెగినా, టెర్మినల్ వదులైనా లైటు ఆరి మోటార్ ఆగాలి. ల్యాడర్‌లో మాత్రం దానికి ఎన్‌ఓ గుర్తే వేయాలి, ఇన్‌పుట్ వెలుగుతున్నంతసేపే మోటార్ నడవాలి కదా. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఎమర్జెన్సీ స్టాప్‌ని ప్రోగ్రామ్‌కి వదిలేయకు. ప్రోగ్రామ్‌తో పనిలేని సేఫ్టీ రిలే ద్వారా కాంటాక్టర్ (మోటార్‌కి కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) కాయిల్ సప్లైనే తెంచాలి. ఔట్‌పుట్ రిలే అతుక్కుపోతే ప్రోగ్రామ్ ఏమీ చేయలేదు.

మీ సారు టైమ్ లేదన్నా ఇది వదలకు. కోప్పడితే కోప్పడనీ. జడ లోపలికి దోపుకో, చున్నీ వేసుకుని మెషీన్ దగ్గరికి వెళ్లకు. అన్నం మానేసి పని చేశావంటే ఊరుకోను.

మొదటి సైట్‌లో స్టాప్ బటన్ తీగ నీ చేత్తోనే ఊడదీసి చూడు. మోటార్ ఆగాక నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

మావయ్య